మీకు తెలుసా? పేగులో గట్టు తెగితే...

చెరువు నిండితే ఊరికి పండగ. గట్టు తెగితే అదే నీళ్లు ఊరిని ముంచేస్తాయి. మన పేగుల్లోని సూక్ష్మజీవుల సంగతీ ఇంతే. అవి ఎక్కడున్నాయి, వాటికీ మనకూ మధ్య గట్టు ఎంత గట్టిగా ఉంది, ఆ గట్టు మీద కాపలా ఎలా ఉంది... ఈ మూడింటి మీదే పేగు ఆరోగ్యం చాలావరకు నడుస్తుంది. పేగు వాపు దగ్గర్నుంచి క్యాన్సర్ దాకా ఈ కథలో ఆసక్తికరమైన మలుపులెన్నో!

◆ పది రెట్లు కాదు, సరిసమానం

మన ఒంట్లో మన కణాల కంటే బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువన్న మాట చాలా ఏళ్లు పుస్తకాల్లో తిరిగింది. 2016లో ఇజ్రాయెల్, కెనడా శాస్త్రవేత్తలు మళ్లీ లెక్కకు కూర్చున్నారు. 70 కిలోల మగమనిషిలో సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు అని తేలింది. అంటే దాదాపు సరిసమానం. వీటిలో అత్యధికం పెద్దపేగులోనే కాపురముంటాయి. ఇన్ని లక్షల కోట్లనూ పోగేసి తూకం వేస్తే ఎంతొస్తాయో తెలుసా? దాదాపు 200 గ్రాములే!

◆ గోడ మందం ఒక్క కణమే

ఆ లక్షల కోట్ల జీవులకూ మన రక్తానికీ అడ్డుగా ఉన్న పేగు లోపలి పొర మందం ఒకే ఒక్క కణం. జీర్ణనాళం ముడతలన్నీ విప్పి పరిస్తే దాదాపు 30 చదరపు మీటర్లు వస్తుంది. అంటే బ్యాడ్మింటన్ కోర్టులో సగానికి దగ్గర. ఇంత పల్చటి గోడ రోజూ రాపిడికి గురవుతూ ఎలా నిలబడుతోంది? ఎప్పటికప్పుడు కొత్తగా కట్టుకుంటూ! ఈ పొరలోని కణాలు మూడు నుంచి ఐదు రోజుల్లో రాలిపోయి, వాటి చోట కొత్తవి వస్తాయి. ఒంట్లో ఇంత వేగంగా మారిపోయే కణజాలాలు అరుదు. చిక్కు కూడా ఇక్కడే ఉంది. కణం విడిపోయిన ప్రతిసారీ దాని డీఎన్ఏకు నకలు తీయాలి. నకళ్లు ఎక్కువైనకొద్దీ తప్పులు దొర్లే అవకాశమూ పెరుగుతుంది.

◆ అసలు గట్టు జిగురే

పెద్దపేగు గోడ మీద జిగురు రెండు వరసలుగా ఉంటుంది. పై వరస వదులుగా ఉంటుంది, బ్యాక్టీరియా అందులో తిరుగుతుంటాయి. గోడను అంటిపెట్టుకున్న లోపలి వరస మాత్రం చిక్కగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పేగులో అక్కడికి బ్యాక్టీరియా రాలేవు. 2008లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఈ ఏర్పాటును స్పష్టంగా చూపించారు. ఈ జిగురులో ముఖ్యమైన ప్రోటీన్ పేరు మ్యూసిన్-2. దాన్ని తయారుచేసే జన్యువు లేకుండా పుట్టించిన ఎలుకల్లో బ్యాక్టీరియా నేరుగా గోడను తాకాయి. ముందు పేగు వాచింది, ఆ తర్వాత కణుతులు లేచాయి. వాటికి క్యాన్సర్ కారకాలేవీ పెట్టలేదు. గట్టు తీసేశారు, అంతే!

◆ ఆకలేస్తే గట్టునే తింటాయి

మనం అరిగించుకోలేని పీచు పెద్దపేగులోని బ్యాక్టీరియాకు పంచభక్ష్య పరమాన్నం. మరి ఆ పీచు అందకపోతే? 2016లో అమెరికాలో కొన్ని ఎలుకలకు మనిషి పేగులోని బ్యాక్టీరియా రకాలను ఎక్కించి, పీచు లేని మేత పెట్టారు. తిండి కరవైన బ్యాక్టీరియా జిగురు మీద పడ్డాయి. జిగురు పల్చబడింది. ఆ సమయంలో పేగుకు హాని చేసే మరో క్రిమి వచ్చేసరికి వాటి జబ్బు ముదిరింది. పీచు తిన్న ఎలుకలు మాత్రం అదే క్రిమిని బాగా తట్టుకున్నాయి.

◆ పీచు పోయి ఇంధనమైంది

పీచును పులియబెట్టి బ్యాక్టీరియా తయారుచేసే బ్యుటిరేట్ అనే ఆమ్లం పెద్దపేగు కణాలకు ప్రధాన ఇంధనం. మిగతా ఒళ్లు గ్లూకోజు కోసం చూస్తుంటే ఈ కణాలు మాత్రం బ్యాక్టీరియా వండిపెట్టింది తింటాయి. అంతేకాదు, రోగనిరోధక వ్యవస్థ అతిగా రెచ్చిపోకుండా ఆపే నియంత్రణ టి-కణాలు పేగులో పెరగడానికీ ఈ ఆమ్లం సాయపడుతుందని 2013లో వేర్వేరు బృందాలు ఎలుకల్లో చూపించాయి. ఒంటి మీద ఒళ్లే దాడి చేయకుండా ఆపేది ఈ కణాలే అని కనిపెట్టినందుకు షిమోన్ సకగూచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ బహుమతి వచ్చింది.

◆ కాపలా ఠాణాలు

మన రోగనిరోధక కణాల్లో అత్యధిక భాగం ఉండేది పేగుల చుట్టూనే. చిన్నపేగు గోడలో అక్కడక్కడా ఈ కణాలు గుంపులుగా మకాం వేసి ఉంటాయి. 1677లో స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ కాన్రాడ్ పేయర్ వీటిని వర్ణించాడు కాబట్టి పేయర్ మచ్చలు అంటారు. టైఫాయిడ్ ముదిరితే పేగుకు పుండు పడి చిల్లులు పడేది సాధారణంగా ఈ మచ్చల దగ్గరే. పేగు గోడలోని కణాలు ఐజీఏ అనే యాంటీబాడీని రోజుకు కొన్ని గ్రాముల చొప్పున లోపలికి వదులుతాయి. ఒంట్లో తయారయ్యే మిగతా యాంటీబాడీలన్నీ కలిపినా దానికి సాటిరావు. ఐజీఏ పని బ్యాక్టీరియాను చంపడం కాదు. వాటిని చుట్టేసి గోడకు అంటుకోకుండా చూడటమే దాని ముఖ్యమైన పని.

చిత్రమేమిటంటే, ఈ కాపలాదారులకు తర్ఫీదు ఇచ్చేదీ బ్యాక్టీరియాయే. ఒక్క క్రిమీ సోకకుండా శుభ్రమైన పెట్టెల్లో పెంచిన ఎలుకల్లో పేయర్ మచ్చలు సరిగా ఎదగవు.

◆ కబురు అందకపోతే గాయం మానదు

కణాల మీద ఉండే 'టోల్' గ్రాహకాలు బ్యాక్టీరియా జాడ పసిగడతాయి. వీటి పని దాడికి సైరన్ మోగించడమే అనుకునేవారు. 2004లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వేరే కోణం చూపించారు. ఎలుకల పెద్దపేగును రసాయనంతో గాయపరిచారు. పేగులో బ్యాక్టీరియా ఉండి, వాటి కబురు అందుకున్న ఎలుకలు కోలుకున్నాయి. యాంటీబయాటిక్‌లతో బ్యాక్టీరియాను తుడిచేసిన ఎలుకల్లో, కబురు అందుకునే జన్యువు లేని ఎలుకల్లో చావులు ఎక్కువయ్యాయి. గోడకు మరమ్మతు చేయాలన్న పిలుపు కూడా బ్యాక్టీరియా నుంచే వెళ్తోందన్నమాట. అయితే గాయాన్ని మాన్పే ఆ పిలుపే ఆగకుండా మోగుతుంటే కణితికి ఎరువు అవుతుంది.

◆ కంచే చేను మేస్తే...

1932లో న్యూయార్క్ వైద్యులు బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గార్డన్ ఒపెన్‌హైమర్ చిన్నపేగు చివరి భాగం వాచిపోయి పుండ్లు పడే జబ్బును వివరించారు. ఇంటిపేర్ల అక్షరక్రమంలో ముందున్న క్రోన్ పేరే దానికి స్థిరపడింది. క్రోన్స్ వ్యాధికి, పెద్దపేగుకు వచ్చే అల్సరేటివ్ కొలైటిస్‌కు మూలం ఒక రకంగా ఒకటే. మామూలుగా ఓర్చుకోవాల్సిన బ్యాక్టీరియా మీదికి రోగనిరోధక వ్యవస్థ తిరగబడుతుంది. మధ్యలో పేగు నలిగిపోతుంది.

1993లో ఒక ప్రయోగం దీన్ని తేటతెల్లం చేసింది. రోగనిరోధక కణాలను శాంతపరిచే ఐఎల్-10 అనే ప్రోటీన్ లేకుండా పుట్టించిన ఎలుకలకు పేగువాపు వచ్చింది. అవే ఎలుకలను క్రిమిరహితంగా పెంచితే వాపు రాలేదని తర్వాత తేలింది. నిప్పు ఉండి గడ్డి లేకపోతే మంట లేదు కదా!

◆ వాపు నుంచి క్యాన్సర్

కణితుల్లో తెల్ల రక్తకణాలు గుంపుగా ఉండటం గమనించిన జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో, దీర్ఘకాలం వాచిన చోటే క్యాన్సర్ పుడుతుందేమోనని 1863లోనే అన్నాడు. వాచిన చోట రోగనిరోధక కణాలు వదిలే ఆక్సిజన్ రసాయనాలు క్రిములతోపాటు పక్కనున్న మన కణాల డీఎన్ఏనూ దెబ్బతీస్తాయి. పాడైన చోటును పూడ్చడానికి కొత్త కణాలు హడావుడిగా పుడతాయి. దెబ్బతిన్న డీఎన్ఏ, హడావుడి పెరుగుదల... ఈ రెండూ ఏళ్ల తరబడి జంటగా సాగడమే ప్రమాదం. అందుకే పెద్దపేగులో ఎక్కువ భాగానికి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లకు, జబ్బు మొదలై ఎనిమిదేళ్లు దాటితే లక్షణాలు లేకున్నా కొలనోస్కోపీ పరీక్షలు మొదలుపెడతారు.

◆ పండగ సెలవుల్లో దొరికిన క్రిమి

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ జీర్ణాశయంలోని మెలికల బ్యాక్టీరియాను పెంచాలని చూస్తున్నారు. రెండు రోజులు ఆగి, ఏమీ మొలవలేదని పళ్లాలు పారేసేవారు. 1982 ఈస్టర్ సెలవుల్లో పళ్లాలు అలాగే ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే క్రిమి మొలిచి ఉంది! అదే హెలికోబ్యాక్టర్ పైలోరీ. ఎవరూ నమ్మకపోవడంతో 1984లో మార్షల్ ఆ క్రిముల ద్రవాన్ని తానే తాగి, జీర్ణాశయం వాపు తెచ్చుకున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లో ఈ క్రిమిని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇది ఒంట్లో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు. ఏళ్ల తరబడి వాపు రగిలి, జీర్ణాశయం పొర రూపం మారిపోయిన కొద్దిమందికే ఆ ముప్పు.

◆ యాంటీబయాటిక్ మాత్రలకు లొంగిన క్యాన్సర్

జీర్ణాశయంలో మామూలుగా రోగనిరోధక కణాల గుంపులు ఉండవు. పైలోరీ క్రిమిని తరమడానికి వచ్చిన బి-కణాలు అక్కడే తిష్ఠవేసి, ఒక్కోసారి తామే క్యాన్సర్‌గా మారతాయి. దీన్ని మాల్ట్ లింఫోమా అంటారు. 1993లో ఇలాంటి ఆరుగురికి కీమోథెరపీ కాకుండా యాంటీబయాటిక్‌లు ఇచ్చి క్రిమిని నిర్మూలిస్తే, ఐదుగురిలో కణితి కరిగిపోయింది. రెచ్చగొట్టేది పోగానే రెచ్చిపోయినవీ చల్లబడ్డాయి. తొలిదశలో ఉన్న ఈ రకం క్యాన్సర్‌కు ఇప్పటికీ మొదటి చికిత్స అదే.

◆ గుండె కవాటంలో పేగు జాడ

గుండె కవాటానికి ఇన్‌ఫెక్షన్ వచ్చిన రోగి రక్తంలో స్ట్రెప్టోకాకస్ బోవిస్ కుటుంబానికి చెందిన ఒక క్రిమి కనిపిస్తే, గుండె వైద్యులు వెంటనే పెద్దపేగు పరీక్ష రాస్తారు. ఈ క్రిమి ఉన్నవాళ్లలో చాలామందికి పేగులో కణితి బయటపడటమే దానికి కారణం. ఈ లింకును వైద్యులు 1951లోనే రాసిపెట్టారు. కణితి దగ్గర గోడ బలహీనపడితే క్రిమి రక్తంలోకి దారి చేసుకుంటుంది. రక్తంలో దొరికిన దొంగ, ఇంటి గోడకు ఎక్కడ కన్నం పడిందో చెబుతున్నాడన్నమాట!

◆ నోట్లోంచి పేగులోకి

ఫ్యూజోబ్యాక్టీరియం న్యూక్లియేటమ్ ఉండాల్సింది పళ్ల చిగుళ్ల దగ్గర. చిగుళ్ల జబ్బులో దీని పాత్ర పాత కథే. పెద్దపేగు క్యాన్సర్ కణితుల్లో ఇది మామూలు కణజాలంలో కంటే చాలా ఎక్కువగా ఉందని 2012లో కెనడా, అమెరికా బృందాలు విడివిడిగా ప్రకటించాయి. ఇది కణితిని అంటిపెట్టుకుని, క్యాన్సర్ కణాలను చంపడానికి వచ్చే ఎన్‌కే కణాల మీది ఓ బ్రేకును నొక్కి వాటిని ఆపేస్తుంది. 2017లో ఇంకో విశేషం తెలిసింది. క్యాన్సర్ కాలేయానికి పాకినప్పుడు ఈ బ్యాక్టీరియా కూడా వెంట వెళ్తోంది. ఆ కణితులను ఎలుకల్లో పెంచి మెట్రోనిడజోల్ ఇస్తే వాటి పెరుగుదల నెమ్మదించింది.

◆ డీఎన్ఏ మీద వేలిముద్ర

మన పేగుల్లో మామూలుగా ఉండే ఈ-కోలైలో కొన్ని రకాలు కోలిబ్యాక్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. ఫ్రాన్స్‌లోని తులూజ్ శాస్త్రవేత్తలు 2006లో దీని గుట్టు బయటపెట్టారు. 2020లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో పెంచిన బుల్లి పేగులకు ఐదు నెలలపాటు ఈ బ్యాక్టీరియాను ఎక్కించారు. డీఎన్ఏ మీద ఒక ప్రత్యేకమైన మార్పుల వరస మిగిలింది. అదే వేలిముద్ర నిజమైన రోగుల కణితుల్లోనూ దొరికింది!

2025లో 11 దేశాలకు చెందిన 981 కణితుల జన్యువులను పరిశీలిస్తే, 70 ఏళ్లు దాటాక క్యాన్సర్ వచ్చినవారి కంటే 40 ఏళ్లలోపు వచ్చినవారిలో ఈ గుర్తు 3.3 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆ దెబ్బ బాల్యంలోనే తగిలి ఉంటుందని పరిశోధకుల అంచనా. పడుచు వయసులో పెద్దపేగు క్యాన్సర్ ఎందుకు పెరుగుతోందన్న ప్రశ్నకు ఇదొక ఆధారం. ఇదే తుది తీర్పు కాదు.

◆ మందులోనే ఆ జన్యువు

మొదటి ప్రపంచయుద్ధంలో తోటి సైనికులంతా విరేచనాలతో మంచాన పడితే ఒక్క సైనికుడికి ఏమీ కాలేదు. అతడి మలం నుంచి జర్మన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ నిస్లే 1917లో ఒక ఈ-కోలై రకాన్ని వేరుచేసి మందుగా మార్చాడు. అల్సరేటివ్ కొలైటిస్ తిరగబెట్టకుండా యూరప్‌లో నేటికీ వాడుతున్నారు. అయితే కోలిబ్యాక్టిన్ తయారుచేసే జన్యువులు ఈ 'మంచి' బ్యాక్టీరియాలోనూ ఉన్నాయి! మంచిది, చెడ్డది అని బ్యాక్టీరియాకు చీటీలు అంటించడం అంత తేలిక కాదు.

◆ రెండు వారాలు కంచాలు మారిస్తే

పెద్దపేగు క్యాన్సర్ నల్లజాతి అమెరికన్లలో ఎక్కువ, దక్షిణాఫ్రికా పల్లెవాసుల్లో చాలా అరుదు. ఇరువైపుల నుంచి ఇరవై మంది చొప్పున తీసుకుని, రెండు వారాలపాటు వాళ్ల తిండి వీళ్లకు, వీళ్ల తిండి వాళ్లకు పెట్టారు. అమెరికన్లకు పీచు రోజుకు 14 గ్రాముల నుంచి 55 గ్రాములకు పెరిగింది. ఆఫ్రికన్లకు 66 నుంచి 12కు పడిపోయింది. 2015లో వెలువడిన ఫలితం ఆశ్చర్యపరిచింది. అమెరికన్ల పేగుల్లో బ్యుటిరేట్ పెరిగింది, వాపు తగ్గింది. బర్గర్లు, వేపుళ్లు తిన్న ఆఫ్రికన్లలో సరిగ్గా దీనికి విరుద్ధంగా జరిగింది. కొలిచింది క్యాన్సర్‌ను కాదు, దాని ముప్పును సూచించే గుర్తులనే. కానీ అవి మారడానికి పద్నాలుగు రోజులు చాలాయి.

◆ భీమవరం బిడ్డ బదులు తీర్చుకున్నాడు

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, స్ప్రూ అనే పేగు జబ్బుకు కొద్ది రోజుల తేడాలో ఇద్దరు సోదరులను పోగొట్టుకున్నారు. ఆ జబ్బు ఆయన్నూ వదల్లేదు. ఉష్ణదేశాల్లో వచ్చే ఈ స్ప్రూలో చిన్నపేగులో బ్యాక్టీరియా అతిగా పెరిగి, లోపలి పొర వాచి చదునైపోతుంది. తిన్నది ఒంటికి పట్టదు. నేడు దీనికిచ్చే మందులు రెండు. ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన సారథ్యంలో అక్కడి నుంచే వచ్చింది. క్యాన్సర్‌కూ, క్రోన్స్ వ్యాధికీ వాడే మెథోట్రెక్సేట్ పుట్టిల్లూ అదే ప్రయోగశాల.

◆ మలమార్పిడితో లొంగిన మెలనోమా

క్యాన్సర్ మీదికి రోగనిరోధక కణాలను ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. మందు పనిచేసిన రోగుల పేగుల్లో అక్కర్‌మాన్సియా అనే బ్యాక్టీరియా ఎక్కువగా ఉందని, చికిత్సకు కాస్త అటూఇటూగా యాంటీబయాటిక్‌లు వాడినవారిలో ఫలితం తగ్గిందని 2018లో పారిస్ బృందం చెప్పింది. 2021లో ఇజ్రాయెల్ వైద్యులు, మందు పనిచేసినవారి మలంలోని బ్యాక్టీరియాను పనిచేయని మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) రోగుల పేగుల్లోకి ఎక్కించి మళ్లీ అదే మందు ఇచ్చారు. పదిమందిలో ముగ్గురికి ఈసారి కణుతులు తగ్గాయి. అమెరికాలో ఇలాంటి ప్రయత్నంలోనే 15 మందిలో ఆరుగురికి మేలు కనిపించింది.

◆ పెరుగు గెలిచింది

రోగనిరోధక కణాలు క్రిములను మింగడం కనిపెట్టి 1908లో నోబెల్ అందుకున్న ఇల్యా మెచ్నికోవ్, పులిసిన పాలు ఆయుష్షు పెంచుతాయని నమ్మి రోజూ తాగేవాడు. ఆయుష్షు మాటేమో గానీ, 2021లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మంది ఆరోగ్యవంతులకు పది వారాలు ప్రత్యేక ఆహారం పెట్టారు. పెరుగు లాంటి పులిసిన పదార్థాలు ఎక్కువగా తిన్నవారి పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి. రక్తంలో వాపును సూచించే 19 ప్రోటీన్లు తగ్గాయి. పీచు పెంచినవారిలో అంత స్పష్టమైన మార్పు ఆ పది వారాల్లో కనిపించలేదు. పీచు దండగని దీనర్థం కాదు. అన్నంలో పెరుగూ ఉండాలి, పక్కన కూరా ఉండాలి.

◆ ప్రోబయాటిక్ మాత్రతో ఆలస్యం

యాంటీబయాటిక్ కోర్సు అయిపోగానే, బ్యాక్టీరియా నింపిన ప్రోబయాటిక్ మాత్రలు మింగితే పేగు త్వరగా కుదుటపడుతుందా? 2018లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చూస్తే, ఏమీ వేసుకోనివారి సొంత బ్యాక్టీరియా దాదాపు మూడు వారాల్లో తిరిగొచ్చింది. ప్రోబయాటిక్ వాడినవారిలో నెలలు గడిచినా పూర్తిగా రాలేదు. అద్దెకొచ్చినవాళ్లు ఇల్లు ఖాళీ చేయలేదు మరి!

◆ అరటికాయ, చద్దన్నం

లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉన్నవారికి పేగు క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. ఇలాంటి దాదాపు వెయ్యిమంది పాల్గొన్న పరిశోధనలో రోజూ ఆస్పిరిన్ తీసుకున్నవారికి ఏళ్ల తర్వాత పెద్దపేగు క్యాన్సర్ తగ్గింది. చిన్నపేగులో అరగకుండా బ్యాక్టీరియాకు చేరే పిండిపదార్థం ఇచ్చినవారికి పెద్దపేగు క్యాన్సర్ తగ్గలేదు. కానీ జీర్ణాశయం, క్లోమం వంటి ఇతర అవయవాల క్యాన్సర్లు తగ్గాయని 2022లో తేలింది. ఈ రకం పిండి అరటికాయలో దండిగా ఉంటుంది. వండి చల్లార్చిన అన్నంలోనూ కొంత తయారవుతుంది. చద్దన్నం క్యాన్సర్‌కు మందని చెప్పుకోవడానికి ఇది చాలదు. డాక్టరును అడగకుండా ఆస్పిరిన్ మొదలుపెట్టడం అసలే పనికిరాదు. కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదముంది.

◆ చివరగా ఒక్క మాట

మలంలో రక్తం పడితే మనలో చాలామంది 'మొలలే' అని తేల్చేసుకుని, నాటుమందుతోనో మందులషాపు పూతమందుతోనో ఏళ్లు నెట్టుకొస్తారు. పేగువాపు జబ్బులైనా, పెద్దపేగు క్యాన్సరైనా బయటికి పంపే తొలి కబురు తరచుగా అదే రక్తం. విరేచనం తీరు వారాల తరబడి మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తం తగ్గి నీరసం వచ్చినా వయసు చూసుకుని ఊరుకోవద్దు. పెద్దపేగులో పాలిప్ అనే బుడిపె ముదిరి క్యాన్సర్ కావడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఈలోగా కనిపెడితే కొలనోస్కోపీలోనే తీసేస్తారు. అది మొలలే అయితే సంతోషం. ఆ మాట మాత్రం పరీక్ష చేసిన డాక్టరు నోట వినండి.